చెక్ ఇంజన్ లైటు ఆరుతూ వెలుగుతూ కొట్టుకుంటే బండి నడపొచ్చా? ముందు ఏం చూడాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: 2014 మోడల్ పెట్రోల్ స్విఫ్ట్, లక్ష కిలోమీటర్లు దాటింది. కావలి నుంచి ఒంగోలు వెళ్తూ సింగరాయకొండ దాటాక లారీని ఓవర్‌టేక్ చేయబోతే బండి అదిరింది, పికప్ పడిపోయింది, చెక్ ఇంజన్ లైటు ఆరుతూ వెలుగుతూ కొట్టుకుంది. కాలు తీయగానే కొట్టుకోవడం ఆగి, లైటు మాత్రం అలాగే వెలిగి ఉండిపోయింది. ఒక మెకానిక్ ఆక్సిజన్ సెన్సార్ మార్చాలన్నారు. తెలిసినవాళ్లు బ్యాటరీ టెర్మినల్ తీసి పెడితే పోతుందన్నారు. ఈలోపు రోజూ ఆఫీసుకు నడుపుకోవచ్చా అని అడిగారు.

నడపకండి. పెట్రోల్ కారు రోడ్డు మీద వెళ్తుండగా ఆ లైటు కొట్టుకుంటే అర్థం ఒక్కటే. ఏదో ఒక సిలిండర్‌లో పెట్రోలు సరిగా మండటం లేదు (దీన్నే మేం మిస్ కొట్టడం, మిస్సింగ్ అంటాం), అదీ సైలెన్సర్ లైనులో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ కాలిపోయే స్థాయిలో. మీరు చెప్పిన లక్షణాలను బట్టి ముందు అనుమానించాల్సింది పెట్రోలును మండించే నిప్పురవ్వ ఇచ్చే స్పార్క్ ప్లగ్గుల్ని, వాటికి కరెంటు పంపే ఇగ్నిషన్ కాయిల్‌ని. రెండూ కన్వర్టర్‌తో పోలిస్తే చాలా తక్కువ ఖర్చు. ఆక్సిజన్ సెన్సార్ ఇప్పుడే కొనకండి. స్కానర్ పెట్టి, బండి కంప్యూటర్ దాచుకున్న తప్పు నంబరు (కోడ్) రాసుకునేదాకా బ్యాటరీ టెర్మినల్ ముట్టుకోకండి.

నెల్లూరులో నాకు మెకానిక్ షెడ్డు ఉంది. పెట్రోల్ బండ్ల ఎలక్ట్రికల్, ఇంజెక్షన్ పనులే ఎక్కువ చేస్తాను. ఈ కంప్లైంట్‌తో బండ్లు వస్తూనే ఉంటాయి కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందుగా రోడ్డు మీద ఉన్నప్పుడు ఏం చేయాలో చెప్తాను. లైటు కొట్టుకోవడం మొదలవగానే యాక్సిలరేటర్ మీద కాలు తీసేయండి. ఓవర్‌టేక్ మానుకుని ఎడమ పక్కకు రండి. ఏసీ ఆపేయండి. కాలు తీశాక లైటు నిలకడగా వెలుగుతూ ఉంటే, లోడ్ పడకుండా మెల్లగా దగ్గర్లోని షెడ్డుదాకా వెళ్లొచ్చు. బండి ఆగి ఐడ్లింగ్‌లో ఉన్నప్పుడు కూడా కొట్టుకుంటూ ఉంటే మాత్రం ఇంజన్ ఆపేసి టోయింగ్ వాళ్లని పిలవడమే. ఇంకో మాట, ఇది మన జిల్లాల్లో మరీ ముఖ్యం. కోతల రోజుల్లో రోడ్ల పక్కన, ఒక్కోసారి రోడ్ల మీదే వరిగడ్డి ఆరబోసి ఉంటారు. మిస్ కొడుతూ వచ్చిన బండిని ఆ గడ్డి మీద ఆపొద్దు. కింద కన్వర్టర్ ఎర్రగా కాలి ఉండొచ్చు. గడ్డి అంటుకుంటే ముందు పోయేది బండే. ఖాళీ మట్టి మీదో తారు మీదో ఆపండి.

ఇంత హడావిడి ఎందుకంటారా? నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో క్రాంక్ షాఫ్ట్ రెండు చుట్లు తిరిగేలోపు ప్రతి సిలిండర్ ఒక్కసారి మండాలి. ఒకటి మండకపోతే క్రాంక్ ఆ క్షణంలో కొంచెం నెమ్మదిస్తుంది. క్రాంక్ సెన్సార్ ఆ తేడాను పట్టుకుంటుంది, ఈసీయూ (ఇంజన్‌ని నడిపించే కంప్యూటర్) లెక్క పెట్టుకుంటుంది. లెక్క ఒక హద్దు దాటితే లైటు కొట్టడం మొదలుపెడుతుంది. చాలా తప్పులకు ఈసీయూ రెండుసార్లు చూసి గానీ లైటు వెలిగించదు. కన్వర్టర్‌కి ముప్పున్న మిస్సింగ్‌కి మాత్రం అంతసేపు ఆగదు, వెంటనే కొట్టిస్తుంది. బీఎస్-4 (పొగ కాలుష్య ప్రమాణం) కార్లకు 2013 ఏప్రిల్ నుంచి ఓబీడీ-2, అంటే బండి తన తప్పుల్ని తానే పట్టుకుని చెప్పే ఏర్పాటు, తప్పనిసరి అయింది. మీ బండి ఆ తర్వాతిది కాబట్టి ఈ మాటలు దానికి సరిపోతాయి.

మండని పెట్రోలు, దానితోపాటు వాడకుండా మిగిలిన ఆక్సిజన్, రెండూ కలిసి ఎగ్జాస్ట్‌లోకి పోయి కన్వర్టర్ లోపల మండుతాయి. కన్వర్టర్ లోపల తేనెతుట్టెలా సన్నని గదులున్న పింగాణీ దిమ్మ ఉంటుంది. దాని మీద ప్లాటినం, పల్లేడియం, రోడియం పూత ఉంటుంది. మామూలుగా అది 400 నుంచి 800 డిగ్రీల మధ్య పని చేస్తుంది. లోపలే పెట్రోలు మండితే వెయ్యి డిగ్రీలు దాటిపోతుంది. ముందు పూత చస్తుంది, తర్వాత పింగాణీ కరిగి ముద్దవుతుంది. ఆ ముద్ద పొగదారికి అడ్డం పడితే బండి ఊపిరాడక నలభై దాటి పోదు.

తిరుపతి నుంచి నెల్లూరుదాకా లైటు కొట్టుకుంటున్నా పట్టించుకోకుండా కుటుంబంతో వచ్చిన ఒకాయన బండి నా దగ్గరికి వచ్చింది. "ఏందన్నా, లైటే గదా అనుకున్నా, బండి నడస్తానే ఉంది గదా" అన్నాడు. ర్యాంపు ఎక్కించి కింద చూస్తే కన్వర్టర్ చుట్టూ ఉన్న వేడి రేకు నీలంగా మారిపోయి ఉంది. రబ్బరు సుత్తితో మెల్లగా తడితే లోపల ముక్కలు గలగలమన్నాయి. తప్పు చేసింది ఒక్క కాయిల్. అది రెండు వేల లోపు పని. కన్వర్టర్‌తో కలిపి బిల్లు పదుల వేలకు పోయింది. సంసారం లాగే మనిషికి అది చిన్న దెబ్బ కాదు. అందుకే ఈ లైటు విషయంలో నేను ఇంత గట్టిగా చెప్తాను.

ఇక ఆక్సిజన్ సెన్సార్ సంగతి. ఆ మెకానిక్ అబద్ధం చెప్పి ఉండకపోవచ్చు. స్కానర్‌లో పి0171 లాంటి కోడ్ కూడా కనబడి ఉంటుంది, అంటే గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అని. సిలిండర్ మండకపోతే అందులోని ఆక్సిజన్ అంతా వాడకుండా బయటికొస్తుంది. సెన్సార్ ఆక్సిజన్‌నే కొలుస్తుంది గానీ పెట్రోలును కాదు. కాబట్టి 'గాలి ఎక్కువైంది' అని చెప్తుంది. సెన్సార్ తన పని తాను సరిగ్గానే చేస్తోంది. మిస్సింగ్ కోడ్, సెన్సార్ కోడ్ రెండూ ఉంటే ముందు మిస్సింగ్ సంగతి చూడాలి. అది పోయాక కూడా రెండోది మళ్లీ వస్తే అప్పుడు ఆలోచించాలి. సెన్సార్ మార్చిన బండ్లు అదే అదురుడుతో నా దగ్గరికి వస్తుంటాయి. పాత సెన్సార్ బాగానే ఉంటుంది, పారేసి ఉంటారు.

బ్యాటరీ టెర్మినల్ తీస్తే లైటు పోతుంది, నిజమే. రోగం పోదు. పైగా కోడ్‌తోపాటు 'ఫ్రీజ్ ఫ్రేమ్' కూడా చెరిగిపోతుంది. తప్పు జరిగిన క్షణంలో ఆర్‌పీఎం ఎంత, లోడ్ ఎంత, ఇంజన్ వేడి ఎంత అన్నది ఈసీయూ దాచుకునే లెక్క అది. మాకు అదే సగం జవాబు. ఐడ్లింగ్ కోసం బండి నేర్చుకున్న లెక్కలు కూడా పోయి రెండు మూడు రోజులు రేసింగ్ తేడాగా ఉంటుంది.

సరే, పని ఎక్కడ మొదలుపెట్టాలి?

స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. బ్లూటూత్ రీడర్ ఆన్‌లైన్‌లో వెయ్యి లోపే దొరుకుతుంది, ఫోన్‌లో యాప్ వేసుకుంటే కోడ్ కనబడుతుంది. లేదంటే ఏ షెడ్డులోనైనా స్కానర్ పెట్టించండి, కోడ్ నంబరు మీరే మీ ఫోన్‌లో ఫోటో తీసుకోండి. పి0301 అంటే ఒకటో సిలిండర్, పి0302 రెండోది, అలా పి0304 వరకు. పి0300 వస్తే ఒక్క సిలిండర్ అని చెప్పలేని మిస్సింగ్. ఒక్క సిలిండర్ కోడ్ ఉంటే ఆ సిలిండర్ దగ్గరున్న కాయిల్, ప్లగ్గు, ఇంజెక్టర్, వాల్వులు చూడాలి. పి0300 మాత్రమే ఉంటే అన్ని సిలిండర్లకూ ఉమ్మడిగా ఉండేవి చూడాలి: పెట్రోలు ప్రెషర్, ఎక్కడో గాలి లాగడం, అన్ని ప్లగ్గులూ ఒకేసారి అరిగిపోవడం.

తర్వాత ఫ్రీజ్ ఫ్రేమ్. లోడ్ ఎక్కువ ఉన్నప్పుడు, అంటే ఓవర్‌టేక్‌లోనో ఎత్తు ఎక్కేటప్పుడో మిస్ కొడితే ఎక్కువగా ఇగ్నిషన్ సమస్యే. ఎందుకంటే కాలు గట్టిగా నొక్కినప్పుడు సిలిండర్‌లో ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడిలో ప్లగ్గు గ్యాప్ దాటి స్పార్క్ దూకాలంటే వోల్టేజి ఎక్కువ కావాలి. అరిగిన ప్లగ్గు, నీరసించిన కాయిల్ ఐడ్లింగ్‌లో నెట్టుకొస్తాయి, లోడ్‌లో చేతులెత్తేస్తాయి. మీరు చెప్పింది సరిగ్గా ఇదే. అలా కాకుండా ఐడ్లింగ్‌లో అదిరి, రేస్ చేస్తే సర్దుకుంటే గాలి లాగడమో వాల్వు సమస్యో అనుకోవాలి. పొద్దున చల్లగా స్టార్ట్ చేసినప్పుడే కొట్టి, వేడెక్కాక పోతే ఇంజెక్టర్ కారుతోందా, రాత్రంతా కూలెంట్ లోపలికి దిగుతోందా అని చూస్తాను.

ఇప్పుడు డబ్బు ఖర్చు లేని పరీక్ష. మీ బండిలో ఒక్కో ప్లగ్గు మీద ఒక్కో కాయిల్ కూర్చుని ఉంటుంది. ఇంజన్ చల్లారనిచ్చి, ఇగ్నిషన్ ఆఫ్ చేసి, కోడ్ చెప్పిన సిలిండర్ కాయిల్‌ని తీసి పక్క సిలిండర్‌కి పెట్టండి, దాన్ని దీనికి పెట్టండి. 10 నంబర్ బోల్టు ఒక్కటే ఉంటుంది. కనెక్టర్ లాక్ నొక్కి తీయండి, లాగొద్దు, పాత ప్లాస్టిక్ విరిగిపోతుంది. కోడ్ ఎరేజ్ చేసి బండి నడపండి, దూరం వద్దు, మిస్ వచ్చేదాకా చాలు. పి0302 కాస్తా పి0303 అయితే కాయిల్ పోయినట్టే. మళ్లీ పి0302నే వస్తే కాయిల్ బాగుంది. అప్పుడు ప్లగ్గులు ఇలాగే మార్చి చూడండి. ఏ వస్తువు కొనకముందే దోషి ఎవరో తేలిపోతుంది. సిలిండర్ లెక్క మీ బండిలో బెల్టు ఉన్న వైపు నుంచి ఒకటి, రెండు అని మొదలవుతుంది.

ప్లగ్గు తీసినప్పుడు దాన్ని వెలుగులో పట్టుకుని చూడండి. కొన లేత గోధుమరంగులో ఉంటే బాగా మండుతోంది. నల్లటి పొడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువ. తడిగా జిడ్డుగా ఉంటే ఆయిల్ దిగుతోంది. తెల్ల పింగాణీ మీద నిలువుగా సన్నని నల్ల గీత కనబడితే స్పార్క్ కొనదాకా పోకుండా ఆ గీత వెంట పక్కకు పారిపోతోందన్నమాట. ఆ ప్లగ్గు తుడిచి వాడటం దండగ, కాయిల్ రబ్బరు లోపల కూడా అలాంటి గీతే పడి ఉంటుంది. రెండూ మార్చాలి. మామూలు నికెల్ ప్లగ్గులు 40 వేలు దాటాక నమ్మకూడదు. ఇరిడియంవి లక్ష వరకు వస్తాయి. లక్ష దాటిన మీ బండిలో ప్లగ్గులు ఎప్పుడు మార్చారో గుర్తు లేకపోతే, అనుమానం పెట్టుకోకుండా నాలుగూ మార్చేయండి. ప్లగ్గు గుంటలో ఆయిల్ నిలిచి ఉంటే టాపెట్ కవర్ ప్యాకింగ్, గుంట సీళ్లు పోయినట్టు. అవి వేయకుండా కొత్త కాయిల్ పెడితే అదీ నాని పోతుంది.

మన ప్రాంతానికి సంబంధించిన కారణాలు కొన్ని ఉన్నాయి, పుస్తకాల్లో ఇవి పెద్దగా రాయరు. మైపాడు, ఇందుకూరుపేట, విడవలూరు వైపు రొయ్యల చెరువుల దగ్గర రోజంతా ఆగి ఉండే బండ్లకు ఉప్పుగాలి తగులుతుంది. కాయిల్ కనెక్టర్ పిన్నుల మీద పచ్చటి తుప్పు పడుతుంది. చెరువుల దగ్గరుండే ఒక రైతు బండి పొద్దున మంచులో మిస్ కొట్టేది, మధ్యాహ్నానికి బాగుండేది. కాయిల్ మార్చినా పోలేదని తెచ్చాడు. కనెక్టర్ విప్పితే ఒక పిన్ను పచ్చగా పొడి రాలుతోంది. పిన్ను శుభ్రం చేసి, కనెక్టర్ మార్చి, కాంటాక్ట్ గ్రీజు పూసి పంపాను. కార్తీకం వానల్లో, వాటర్ సర్వీసింగ్ చేయించిన మర్నాడు కూడా ఇలాంటి బండ్లు వస్తాయి. ఇంజన్ మీద ప్రెషర్ గన్ కొట్టొద్దని సర్వీసింగ్ కుర్రాళ్లకు ముందే చెప్పండి. కొట్టేస్తే ప్లగ్గు గుంటల్లో నీళ్లు నిలుస్తాయి, కాయిళ్లు తీసి గాలి కొట్టించాలి.

ఎలుకలు ఇంకో పెద్ద బాధ. బుచ్చిరెడ్డిపాళెం దగ్గర రైస్ మిల్లు ఆవరణలో ఉండే ఒక బండికి మూడో సిలిండర్ మిస్సింగ్. ఆ సిలిండర్ కాయిల్, ప్లగ్గు అప్పటికే కొత్తవి వేసేశారు. వాటిని పక్క సిలిండర్‌వాటితో అటూ ఇటూ మార్చి చూస్తే కోడ్ కదల్లేదు. ఇంజెక్టర్ వైరు టేపు విప్పి చూస్తే లోపల రాగి పోగులు ఒకటి రెండు మాత్రమే మిగిలి ఉన్నాయి, బండి కుదుపుకి అప్పుడప్పుడు తగులుతున్నాయి. వైరు జాయింట్ చేసి సోల్డర్ పెడితే అయిపోయింది. గోడౌన్ పక్కన, పొలం దగ్గర బండి పెట్టేవాళ్లు ముందు టార్చి వేసి వైరింగ్ చూసుకోండి.

ఇగ్నిషన్ బాగుంటే తర్వాత పెట్రోలు వైపు. ఇంజెక్టర్ మూసుకుందా, పంపు ప్రెషర్ వస్తోందా, ఫిల్టర్ ఎలా ఉంది. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. నీరు మోతాదు మించితే ఇథనాల్‌తో కలిసి విడిపోయి ట్యాంకు అడుగుకు చేరుతుంది, పంపు పీల్చేది అడుగు నుంచే. నెలల తరబడి కదలకుండా, ట్యాంకు సగం లోపు పెట్రోలుతో ఉండే బండ్లలో ఇది చూస్తుంటాను. పిల్లలు విదేశాల్లో ఉండి, బండి ఇంట్లో కవరు కింద ఉండే పెద్దవాళ్ల దగ్గర ఎక్కువ. వాళ్లకు చెప్పేది వారానికోసారి కాస్త దూరం తిప్పమని. రోజూ తిరిగే బండికి ఈ భయం తక్కువ. మీది రోజూ తిరిగేదే కాబట్టి ఇది మీ జాబితాలో చివర ఉంచండి.

ఇన్‌టేక్ వైపు పగిలిన రబ్బరు గొట్టం గాలి లాగితే స్కానర్‌లో ఫ్యూయల్ ట్రిమ్ (ఈసీయూ పెట్రోలును ఎంత పెంచుతోందో, తగ్గిస్తోందో చూపే అంకె) ఐడ్లింగ్‌లో బాగా ప్లస్‌లో ఉండి, రేస్ చేస్తే సున్నా వైపు దిగుతుంది. దానికి విరుద్ధంగా రేస్ చేసేకొద్దీ ప్లస్ పెరిగితే పెట్రోలు చాలడం లేదు. ఈ ఒక్క అంకె చూస్తే చాలా తిరుగుడు తప్పుతుంది. గ్యాస్ కిట్ వేయించిన బండి అయితే ముందు పెట్రోలు మీద, తర్వాత గ్యాస్ మీద నడిపి ఎందులో మిస్ కొడుతోందో చెప్పండి. గ్యాస్‌కు స్పార్క్ బలంగా కావాలి కాబట్టి కాయిల్ నీరసం గ్యాస్ మీదే ముందు బయటపడుతుంది.

ఇవన్నీ బాగున్నా ఒకే సిలిండర్ మిస్ కొడుతుంటే కంప్రెషన్ టెస్ట్ (సిలిండర్‌లో ఒత్తిడి ఎంత వస్తోందో కొలవడం) చేయించాలి. నాలుగు సిలిండర్ల రీడింగులు దాదాపు సమానంగా ఉండాలి. ఒకటి బాగా తక్కువ వస్తే వాల్వు కాలడమో, రింగులు అరగడమో, హెడ్ గాస్కెట్ పోవడమో. కూలెంట్ తగ్గుతూ, సైలెన్సర్‌లో తెల్లపొగ తీయగా వాసనొస్తుంటే గాస్కెట్ మీద అనుమానం పెరుగుతుంది. ఇది పెద్ద పని. ఈ టెస్ట్ చేయకుండా ఎవరైనా హెడ్ విప్పుతామంటే ఒప్పుకోవద్దు.

షెడ్డుల్లో ఒక పాత అలవాటుంది, ఇది దయచేసి చేయనివ్వొద్దు. ఇంజన్ నడుస్తుండగా ఒక్కో కాయిల్ పీకి, ఏది పీకితే తేడా రాలేదో చూడటం. షాక్ కొడుతుంది, ఈసీయూకి దెబ్బ తగలొచ్చు, పైగా ఆ సిలిండర్ పెట్రోలంతా నేరుగా కన్వర్టర్‌లోకి పోతుంది. ఇంజెక్టర్ కనెక్టర్ తీసి చూడమనండి. పెట్రోలే పడదు కాబట్టి కన్వర్టర్‌కు ప్రమాదం ఉండదు, కావాల్సిన తేడా అంతే స్పష్టంగా తెలుస్తుంది.

ఇది చదివే మిగతావాళ్ల కోసం చిన్న మాట. లైటు కొట్టుకోవడం ప్రతిసారీ మిస్సింగే కానక్కర్లేదు. కొన్ని బండ్లలో తాళం తిప్పగానే లైటు కొట్టుకుంటూ బండి స్టార్ట్ కాకపోతే అది ఇమ్మొబిలైజర్ (దొంగతనం జరగకుండా ఉండే ఏర్పాటు) తాళంచెవిని గుర్తించడం లేదని, రెండో తాళంచెవితో ప్రయత్నించండి. 2000 ప్రాంతంలోని పాత ఇంజెక్షన్ బండ్లలో టెస్ట్ పిన్ను కలిపితే లైటు ఎన్నిసార్లు కొట్టిందో లెక్కపెట్టి కోడ్ చదివేవాళ్లం, అది వేరే పద్ధతి. డీజిల్ బండ్లలో స్ప్రింగు చుట్టలా ఉండే గ్లో లైటు కొట్టుకుంటే దానికి స్కానర్ పెట్టి వేరుగా చూడాలి, పైన రాసిన ప్లగ్గులు, కాయిళ్ల పరీక్షలు వర్తించవు.

మళ్లీ మీ బండికి వస్తే, నేనైతే వరుస ఇలా పెట్టుకుంటాను: కోడ్, ఫ్రీజ్ ఫ్రేమ్ ఫోటో, కాయిల్ మార్పిడి, ప్లగ్గులు. చాలామటుకు ఇక్కడే తేలిపోతుంది. కాయిల్ కొనాల్సి వస్తే బిల్లు ఉన్న ఒరిజినల్ కొనండి. పెట్టె మీద పేరు చూసి తక్కువ ధరకి తీసుకున్నవి ఒక ఎండాకాలం కూడా నిలవవు, రోహిణీ కార్తెలో బానెట్ కింద వేడికి మళ్లీ అదే కథ. ఒక్క కాయిల్ పోయిందంటే మిగతా మూడూ అదే వయసువి, డబ్బు వీలుంటే ఒకటి స్పేర్ డిక్కీలో ఉంచుకోండి, నాలుగూ మార్చనక్కర్లేదు.

పని అయ్యాక కోడ్ ఎరేజ్ చేయించి, మిస్ కొట్టిన పరిస్థితినే మళ్లీ తెప్పించి చూడాలి. హైవే మీద మూడో గేరులో కాలు నొక్కి లాగండి, పక్కన ఒకరు ఫోన్‌లో మిస్‌ఫైర్ కౌంట్ చూస్తూ ఉండాలి. సున్నా దగ్గర నిలిస్తే సరి. వారం పది రోజుల తర్వాత పి0420 కోడ్ వస్తే కన్వర్టర్‌కు అప్పటికే కొంత దెబ్బ తగిలిందన్నమాట. పికప్ బాగుండి, లోపల శబ్దం లేకపోతే దానికి కంగారు పడొద్దు, పొల్యూషన్ టెస్ట్ చేయించి రీడింగ్ చూసి తర్వాత నిర్ణయించుకోవచ్చు.

కోడ్ నంబరు, నాలుగు ప్లగ్గులూ వరుసగా పెట్టి తీసిన ఫోటో ఇక్కడ పెట్టండి. ఏ ప్లగ్గు ఏ సిలిండర్‌దో కాగితం మీద రాసి పక్కన ఉంచితే ఇంకా మంచిది.